నలభై ఒకటో పేజీ

పగలు హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో ఒక కార్ఖానా టూల్ రూమ్‌లో పని చేసేవాణ్ణి. సాయంత్రం ఆరున్నర నుంచి జవహర్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి పైన, రేకుల షెడ్డు కింద, పిల్లలకు లెక్కల ట్యూషన్. పదో తరగతి వాళ్ళు ముందు, ఇంటర్ వాళ్ళు తర్వాత. 1998లో మొదలుపెట్టాను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఉద్యోగంలో చేరాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గణితంతో బీఎస్సీ పూర్తి చేశాను కాబట్టి బీజగణితమైనా, త్రికోణమితైనా, కలన గణితమైనా చెప్పగలనన్న ధైర్యం ఉండేది. చెప్పాను కూడా. చెప్పిన తీరులోనే ఒక పెద్ద తెలివితక్కువతనం ఉంది. అది పదమూడేళ్ళు నా కళ్ళబడలేదు. కళ్ళబడ్డాక కూడా ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు, ఇంకొక్కరికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

ముందు టూల్ రూమ్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

అక్కడ అన్ని నియమాలకన్నా పైన ఒక నియమం ఉంటుంది: కొలవని ముక్క ముందుకు పోదు. మిషన్ మీంచి దిగిన మొదటి పీసును వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో కొలిచి, డ్రాయింగ్‌తో సరిచూసి, సంతకం పెట్టాకే రెండో పీసు ఎక్కాలి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మిషనిస్టు కూడా 'నా చెయ్యి తప్పదు' అనడం నేను వినలేదు. చెయ్యి తప్పుతుందని అందరికీ తెలుసు. అందుకే కొలుస్తారు. 'ఇది సరిగ్గా వచ్చిందా, ఒకసారి చూడు' అని కొత్తగా చేరిన కుర్రాడు అడిగినా అక్కడ ఎవరికీ పరువు పోదు.

నా బల్ల మీద ఎప్పుడూ ఉండేది సైన్ బార్. చూడనివాళ్ళ కోసం చెబుతాను. గట్టి ఉక్కుతో చేసిన చదునైన కడ్డీ అది. రెండు కొసల్లో కింద ఒక్కో రోలరు. మా దగ్గరున్న దానికి రోలర్ల కేంద్రాల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు. ఒక రోలరు సర్ఫేస్ ప్లేటు మీద ఆనించి, రెండోదాని కింద స్లిప్ గేజులనే కచ్చితమైన మందమున్న ఉక్కు బిళ్ళలు పేర్చి ఎత్తుతాం. ఎంత ఎత్తితే ఎంత కోణం వస్తుంది? కావలసిన కోణానికి సైన్ విలువ తీసుకుని 200తో గుణిస్తే ఎత్తు తేలుతుంది. 30 డిగ్రీలు కావాలంటే 100 మిల్లీమీటర్లు. 5 డిగ్రీలు కావాలంటే 17.431. ఆ ఎత్తుకు 10, 5, 1.43, 1.001 అని నాలుగు గేజులు పెట్టెలోంచి తియ్యాలి. వాటిని మెత్తటి బట్టతో తుడిచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, నెమ్మదిగా నొక్కుతూ తిప్పితే అతుక్కుపోతాయి. జిగురు లేదు, అయస్కాంతం లేదు. ముఖాలు అంత నునుపు. మధ్యలో నలుసు పడినా కోణం చెడిపోతుంది.

అంటే పొద్దున పూట నేను సైన్‌ను చేత్తో పట్టుకునేవాణ్ణి. దాని ఎత్తు నా వేళ్ళకు తెలుసు. సాయంత్రం అదే మనిషిని షెడ్డులో నిలబడి, 'సైన్ ముప్ఫై?' అని అడిగితే పిల్లలు ముక్తకంఠంతో 'అర' అనాలి. 'నలభై ఐదు?' అంటే 'ఒకటి బై రూట్ రెండు' అనాలి. ఏ పాదంలో ఏ నిష్పత్తి ధనాత్మకమో గుర్తుండటానికి 'ఆల్ సిల్వర్ టీ కప్స్' అని పాడించేవాణ్ణి. సైన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే 'ఎదురు భుజం బై కర్ణం, రాసుకో' అనేవాణ్ణి. పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ షెడ్డులో సైన్ బార్ మాట ఎత్తలేదు. అది ఉద్యోగం, ఇది చదువు అనుకున్నాను. గేటు దగ్గర కార్డు పంచ్ చేసి బయటికొచ్చేటప్పుడు పనితోపాటు కొలిచే బుద్ధిని కూడా అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణి.

నా గొప్పంతా వేగంలో ఉండేది. వర్గ సమీకరణం బోర్డు మీద పడగానే మూలాలు చెప్పేసేవాణ్ణి. పిల్లలు ఇంకా ప్రశ్న ఎక్కించుకుంటూ ఉండగానే నేను జవాబు కింద రెండు గీతలు గీసేసేవాణ్ణి. 'సార్ చెయ్యి మిషన్‌లా పోతది' అని ఒక తండ్రి అంటే నెల రోజులు ఆ మాట మీదే బతికాను. ఇప్పుడు తలుచుకుంటే, మిషన్‌లా పోయే చెయ్యిని మా టూల్ రూమ్‌లో ఎవరూ నమ్మరు కదా అని అప్పుడే తట్టాల్సింది.

2000 వేసవిలో నోట్సు రాశాను. తొంభై ఆరు పేజీలు, నా చేతిరాత. ఇంటర్‌లో అప్పట్లో ఒక్కో గణితం పేపరు 75 మార్కులు: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి అయిదు, ఏడు మార్కులవి అయిదు రాయాల్సి ఉండేది. ఏ ఏడు మార్కుల లెక్క ఎన్నిసార్లు వచ్చిందో పాత పేపర్లు ముందేసుకుని లెక్కవేసి, తరచుగా వచ్చేవాటిని అచ్చుగుద్దినట్టు సాధించి పెట్టాను. నాచారంలో జిరాక్స్ తీయించి, నీలం అట్టతో స్పైరల్ బైండింగ్ చేయించేవాణ్ణి. ఏటా కొత్త బ్యాచికి అదే నోట్సు. పిల్లలు దాన్ని మక్కికి మక్కి ఎక్కించుకునేవాళ్ళు. మార్కులు వచ్చేవి. నిజమే, మార్కులు వచ్చేవి. అందుకే నాకు అనుమానం రాలేదు.

2004 నవంబరులో అనుకుంటాను, ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్ళకు త్రికోణమితీయ సమీకరణాలు చెబుతున్నాను. ఏడుగురున్నారు ఆ బ్యాచిలో. బోర్డు మీద లెక్క: సైన్ 2ఎక్స్ = సైన్ ఎక్స్. నోట్సులో నలభై ఒకటో పేజీలో ఉన్నదే. ఎడమ పక్కన సైన్ 2ఎక్స్‌ను 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌గా విప్పాను. రెండు పక్కలా సైన్ ఎక్స్ ఉంది. సుద్దతో ఇటొక గీత, అటొక గీత కొట్టేశాను. 2 కాస్ ఎక్స్ = 1 మిగిలింది. కాస్ ఎక్స్ అర అయితే ఎక్స్ అరవై డిగ్రీలు. సాధారణ సాధన ఎక్స్ = 2ఎన్‌పై ± పై/3. రెండు గీతలు. అయిపోయింది. అర నిమిషం పట్టి ఉండదు.

వెనక వరసలో కూర్చునే ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఎక్కువ మాట్లాడని పిల్ల. "సార్, సున్నా పెట్టినా సరిపోతుంది కద సార్. సైన్ సున్నా అటూ ఇటూ సున్నానే. అది జవాబులో రాలేదు" అంది.

ఆ మాట నిజమో కాదో చూడటానికి అయిదు సెకన్లు చాలు. సమీకరణంలో సున్నా ప్రతిక్షేపించాలి, అంతే. టూల్ రూమ్‌లో ఎవరైనా ఒక పీసు చూపించి 'ఇది తేడాగా ఉంది' అంటే నా చెయ్యి దానంతటదే మైక్రోమీటర్ మీదికి పోతుంది. ఆ సాయంత్రం నా చెయ్యి డస్టర్ మీదికి పోయింది. "పరీక్షలో కూర్చుని ఇట్లాంటివి వెతుక్కుంటే టైం ఎక్కడిది? బోర్డు మీద ఉన్నది రాసుకో" అని బోర్డు తుడిచేశాను. మిగతా ఆరుగురిలో ఇద్దరు నవ్వారు. ఆ అమ్మాయి తల దించుకుని రాసుకుంది.

ఆమె చెప్పింది తప్పనుకుని అలా చేశానా అంటే, కాదు. సరైందని తెలిసి దాచిపెట్టానా అంటే, అదీ కాదు. చూడనే లేదు. నాలుగేళ్ళుగా జిరాక్స్ అవుతున్న నా నోట్సులో తప్పు ఉండొచ్చన్న ఆలోచననే దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏడాదిన్నర నా దగ్గరికి వచ్చింది. ఇంకెప్పుడూ చెయ్యి ఎత్తలేదు. నేను దాన్ని బుద్ధిమంతురాలి లక్షణం అనుకున్నాను. ఇంటర్ అయ్యాక లెక్కలు వదిలేసి బీకాంలో చేరిందని వాళ్ళ నాన్న చెబితే, 'అదీ మంచిదే' అన్నాను.

ఆ లెక్కలో జరిగిందేమిటో లెక్కలు మరిచిపోయినవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పొచ్చు. ఎక్స్ వర్గం = 5ఎక్స్ అనే సమీకరణం తీసుకోండి. రెండు పక్కలా ఎక్స్ కొట్టేస్తే ఎక్స్ = 5 వస్తుంది. కానీ ఎక్స్ సున్నా అయినా సరిపోతుంది కదా. అది ఎటు పోయింది? ఎక్స్‌ను కొట్టేశామంటే రెండు పక్కలా ఎక్స్‌తో భాగించామని అర్థం. ఎక్స్ సున్నా కావచ్చు. సున్నాతో భాగించకూడదు. సున్నా కావడానికి వీలున్నదాన్ని ముందే కొట్టేస్తే, అది సున్నా అయినప్పుడు వచ్చే జవాబు కూడా దానితోపాటే పోతుంది. సరైన పద్ధతి అన్నిటినీ ఒక పక్కకు తెచ్చి కారణాంకాలు చేయడం: ఎక్స్ ఇంటూ ఎక్స్ మైనస్ 5 = సున్నా. అప్పుడు రెండూ నిలబడతాయి. సున్నాతో భాగారం దగ్గర మహామహులే తడబడ్డారు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని రాశాడు. 1150 నాటికి భాస్కరాచార్యుడు సున్నా హారంగా ఉన్నదానికి ఖహరం అని పేరుపెట్టి, దాన్ని అనంతమన్నాడు. వాళ్ళు దారి లేని చోట దారి వేస్తూ తడబడ్డారు. నా ముందు వేసిన దారి ఉంది, అయినా చూసుకోలేదు.

ఏడేళ్ళు గడిచాయి. 2011లో మా టూల్ రూమ్‌కు ఐటీఐ నుంచి ఒక అప్రెంటిస్ కుర్రాడు వచ్చాడు. ఒకరోజు 60 డిగ్రీల కోణం సరిచూడాల్సిన జాబ్ వచ్చింది. కుర్రాడు సైన్ బార్ తీయబోతే ఆపాను. "నలభై ఐదు దాటితే సైన్ బార్ పెట్టొద్దు. జాబ్‌ను తిప్పి పెట్టి ముప్ఫై చూడు" అన్నాను.

"ఎందుకన్నా?" అన్నాడు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు చెప్పిన సీనియర్ కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు. 'పద్ధతి అంతే' అనబోతుంటే, పక్కన నిలబడి ఉన్న మా క్వాలిటీ ఇంజినీరు గారు అందుకున్నారు. "సైన్‌కు డెరివేటివ్ కాస్ కదయ్యా. కోణం పెరిగేకొద్దీ కాస్ చిన్నదైపోతుంది. గేజుల్లో అదే చిన్న తప్పు ఉన్నా కోణంలో పెద్ద తప్పయి కూర్చుంటుంది" అని, ఒక పాత డ్రాయింగ్ వెనక పెన్సిల్‌తో లెక్కవేసి చూపించారు. గేజుల ఎత్తులో ఒక మిల్లీమీటరులో నూరో వంతు తప్పు ఉందనుకోండి. 30 డిగ్రీల దగ్గర దానివల్ల కోణంలో వచ్చే తేడా 12 కోణపు సెకన్లు. 60 దగ్గర 21 సెకన్లకు దగ్గర. 80 దగ్గర దాదాపు ఒక నిమిషం.

నాకు నోట మాట రాలేదు. సైన్‌ను అవకలనం చేస్తే కాస్ అని పదమూడేళ్ళుగా పిల్లల చేత చదివిస్తున్నది నేను. నలభై ఐదు దాటొద్దని అంతకన్నా ముందునుంచి పాటిస్తున్నదీ నేనే. ఈ రెండూ ఒకటేనని ఆ క్షణం దాకా నాకు తెలియదు. 'డెరివేటివ్ ఎక్కడ పనికొస్తది సార్' అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్లవాడు అడిగేవాడు. 'ఏడు మార్కులకు' అని చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పిన బల్లకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, నేను రోజూ తుడిచి పెట్టెలో పెట్టే ఉక్కు కడ్డీలో దానికి జవాబు ఉంది.

ఆ కడ్డీని బొమ్మలా ఊహించుకుంటే లిమిట్లు, సూత్రాలు లేకుండానే విషయం కనబడుతుంది. కడ్డీ దాదాపు పడుకుని ఉన్నప్పుడు కొసను రవ్వంత తిప్పితే ఆ కొస నేరుగా పైకి లేస్తుంది. కడ్డీ నిలబడేకొద్దీ అంతే తిప్పినా కొస పైకి తక్కువ, పక్కకు ఎక్కువ పోతుంది. పూర్తిగా నిలబడ్డాక పక్కకే పోతుంది, పైకి పోదు. అలా పైకి పోయే పాలు ఎంతో చెప్పేదే కాస్. సున్నా డిగ్రీల దగ్గర ఒకటి, తొంభై దగ్గర సున్నా. కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే ఆ పాలు సరిగ్గా కాస్ అవుతుంది. అందుకే కలన గణితంలో డిగ్రీలు వదిలేసి రేడియన్లు పట్టుకుంటాం. ఇదీ నేను ఏ పిల్లవాడికీ చెప్పని సంగతే.

ఆ రాత్రి ట్యూషన్ పిల్లలు వెళ్ళిపోయాక నీలం అట్ట నోట్సు ముందేసుకున్నాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఒక్కో జవాబునూ తిరిగి ప్రశ్నలో పెట్టి చూశాను, టూల్ రూమ్‌లో మొదటి పీసును చూసినట్టు. సమీకరణమైతే మూలాన్ని ప్రతిక్షేపించాను. సమాకలనమైతే జవాబును అవకలనం చేసి మొదటి ప్రమేయం తిరిగి వస్తుందా అని చూశాను. నాలుగు రాత్రులు పట్టింది. పన్నెండో పేజీలో, 2ఎక్స్ + 3 వర్గమూలం = ఎక్స్ అన్న లెక్కకు మూడు, మైనస్ ఒకటి అని రెండు జవాబులు రాసి ఉన్నాయి. మైనస్ ఒకటి పెడితే ఎడమ పక్క ఒకటి, కుడి పక్క మైనస్ ఒకటి. సరిపోదు. రెండు పక్కలా వర్గం చేసినప్పుడు లేని మూలం ఒకటి వచ్చి చేరింది, నేను దాన్ని లోపల కూర్చోబెట్టాను. నలభై ఒకటో పేజీలో దీనికి తిరగబడ్డ తప్పు: ఉన్న మూలాన్ని గీత కొట్టి బయటికి పంపాను. సున్నా పెట్టాను. సరిపోయింది. నూట ఎనభై పెట్టాను. సరిపోయింది. ఆ అమ్మాయి చెప్పినట్టే. ఎక్స్ = ఎన్‌పై అన్న మొత్తం వరసే నా జవాబులో లేదు. పదకొండు బ్యాచిలు ఆ పేజీని ఎక్కించుకుని పరీక్షకు పోయాయి. ఆ లెక్క పరీక్షలో వచ్చిన పిల్లలకు సగం జవాబుకు సగం మార్కులే వచ్చి ఉంటాయి.

మార్కుల సంగతి పక్కన పెట్టినా, ఏడుగురిలో లెక్కను లెక్కలా చూసిన ఒకే ఒక్క పిల్లను నేను నోరు మూయించాను. నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ నొప్పి కలిగించేది ఇదే.

వాళ్ళ నాన్నకు కాలనీలోనే దుకాణం ఉండేది. వెళ్ళి అడిగితే నంబరు ఇచ్చాడు. అప్పటికి ఆమెకు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంది. ఫోను చేసి, ఎవరో చెప్పి, "అమ్మా, నువ్వు ఇంటర్ ఫస్టియర్‌లో ఒక లెక్క గురించి అడిగావు, గుర్తుందా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గుర్తుంది సార్. సైన్ టూ ఎక్స్" అంది. "నువ్వు చెప్పిందే కరెక్టమ్మా. నేను చూడలేదు. తప్పు నాదే" అన్నాను. "తెలుసు సార్. ఇంటికి పోయి మళ్ళీ చేసుకున్న. నోట్సులో పక్కన ఎన్‌పై అని రాసుకున్న కూడా. మీరు చూస్తే తిడతరని పెన్సిల్‌తో రాసిన" అంది. కోపంగా అనలేదు. వాళ్ళ బాబుకు అన్నం పెట్టాలని చెప్పి, ఆరోగ్యం బాగుందా సార్ అని అడిగి పెట్టేసింది.

పెన్సిల్‌తో రాసుకుందన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మర్నాటి నుంచి షెడ్డులో పద్ధతి మారింది. మొదట చేసిన పని, నా చేతిలోంచి సుద్ద ముక్క తీసి పిల్లల చేతిలో పెట్టడం. లెక్క వాళ్ళు చెయ్యాలి. జవాబు వచ్చాక కింద రెండు గీతలు గీసే హక్కు, దాన్ని తిరిగి ప్రశ్నలో పెట్టి చూసినవాళ్ళకే. సైన్ ఏ ప్లస్ బి అంటే సైన్ ఏ ప్లస్ సైన్ బి అని రాసే పిల్లలు ప్రతి బ్యాచిలో ఉంటారు. పాత రోజుల్లో 'తప్పు, సూత్రం చూసుకో' అనేవాణ్ణి. ఇప్పుడు ముప్ఫై, అరవై పెట్టి చూడమంటాను. సైన్ తొంభై ఒకటి. వాళ్ళ లెక్క ప్రకారం 0.5కు 0.866 కలిపితే 1.366. సైన్ ఒకటి దాటిందేమిటని వాళ్ళే నాలుక కరుచుకుంటారు. అలా తెలుసుకున్న పిల్లవాడు మళ్ళీ ఆ తప్పు చేయగా నేను చూడలేదు. దీనివల్ల సిలబస్ నెమ్మదించింది. ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించి కార్పొరేట్ కాలేజీ మెటీరియల్ ఇచ్చే చోటికి పంపారు. వాళ్ళను తప్పుపట్టను. మొన్నటిదాకా నేను అమ్మిందీ అదే సరుకు.

ఒక ఆదివారం పదో తరగతి పిల్లల్ని కాలనీ నీళ్ళ ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాను. పాఠ్యపుస్తకంలో త్రికోణమితి అనువర్తనాలన్న అధ్యాయం ఉంటుంది. చెట్టు, టవరు, దీపస్తంభం అన్నీ బొమ్మల్లోనే. కోణమానినికి ఒక స్ట్రా అంటించి, దారానికి ఇనుప నట్టు కట్టి వేలాడదీశాం. ట్యాంకు నుంచి టేపుతో ఇరవై మీటర్లు కొలిచి అక్కడ నిలబడ్డాం. స్ట్రాలోంచి ట్యాంకు పై అంచు చూస్తుంటే పక్కవాడు దారం ఎక్కడుందో చదవాలి. ముగ్గురు చదివితే మూడు అంకెలు వచ్చాయి: 34, 35, 36. లెక్క కడితే, కంటి ఎత్తు 1.4 మీటర్లు కలిపాక, ట్యాంకు ఎత్తు 14.9, 15.4, 15.9 మీటర్లు. "ఏది కరెక్టు సార్?" అని ముగ్గురూ నా మొహం చూశారు. నాకూ తెలియదన్నాను. ఆ మాట పిల్లల ముందు అనడం అదే మొదటిసారి. ఒక డిగ్రీ తేడాకు అర మీటరు పోతోందని వాళ్ళే పట్టుకున్నారు. దూరం నలభై మీటర్లు చేస్తే ఏమవుతుంది, పదే చేస్తే ఏమవుతుంది అని వాదించుకుంటూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు. చిన్న తప్పు ఎంత పెద్దదవుతుందన్న ఆ ప్రశ్నే అవకలనం. ఆ పదం వాళ్ళు వినడానికి ఇంకా ఏడాది పైన ఉంది. ప్రశ్న మాత్రం అప్పుడే వాళ్ళదైపోయింది.

సైన్ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఆ రోజు చెప్పాను. 499 నాటి గ్రంథంలో ఆర్యభటుడు ఇచ్చింది అర్ధజ్యల పట్టిక. జ్య అంటే వింటినారి. వృత్తచాపం విల్లు, జ్య దాని నారి, అందులో సగం అర్ధజ్య. ఆ జ్య అరబ్బుల దగ్గర జీబ అయింది. ఆ అక్షరాలనే జైబ్ అని చదివి, ఆ మాటకున్న ఒంపు అన్న అర్థంతో లాటినులో సైనస్ అన్నారు. పుట్టినప్పుడు సైన్ నిష్పత్తి కాదు, ఒక పొడవు. నా స్లిప్ గేజుల దొంతరలాగా.

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దాని ముందు నుంచి బస్సులో ఎన్ని వందలసార్లు పోయానో లెక్కలేదు. ఆ సంస్థ తాతలు చేసిన పని గురించి చదివింది మాత్రం ఈ సంగతంతా జరిగాకే. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర నేల మీద గొలుసుతో ఒక ఆధారరేఖ కొలిచి, అక్కడి నుంచి కోణాలు మాత్రమే కొలుచుకుంటూ త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ పోయాడు. దూరాలన్నీ లెక్క మీదే తేలతాయి. అయినా లెక్కను అలా నమ్మి వదిలేయలేదు. 1804లో బెంగళూరు దగ్గర మరో ఆధారరేఖను మళ్ళీ గొలుసుతో నేల మీద కొలిపించి, లెక్కలో వచ్చిన పొడవుతో సరిపోల్చారు. అంత దూరం నడిచిన లెక్కకు, నేల మీది గొలుసుకు తేడా అంగుళాల్లో తేలింది. తర్వాతి తరం వాళ్ళు ఆ త్రిభుజాలను హిమాలయాల దాకా తీసుకుపోయి, 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. అంత పని చేసినవాళ్ళే మధ్యలో ఆగి కొలుచుకున్నారు. అర నిమిషంలో చేసిన లెక్కను సరిచూడమంటే నేను డస్టర్ అందుకున్నాను.

ఉద్యోగం నుంచి దిగిపోయేటప్పుడు, మూలన పడేసిన ఒక పాత సైన్ బార్ ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. రోలరు అరిగిపోయి కొలతకు పనికిరాదు. పిల్లలకు చూపించడానికి చాలు. ఒక కొస కింద పుస్తకాలు పెట్టి ఎత్తి, ఇంకో పుస్తకం పెట్టమంటాను. పడుకుని ఉన్నప్పుడు ఒక పుస్తకం పెడితే కోణం ఎంత పెరిగింది, నిలబడ్డాక అదే పుస్తకం పెడితే ఎంత పెరిగింది అని వాళ్ళే కొలుచుకుంటారు. నేను పక్కన కూర్చుంటాను.

నీలం అట్ట నోట్సు 2011 తర్వాత జిరాక్స్ కాలేదు. కానీ అంతకుముందు ఇచ్చినవి ఇంకా ఎక్కడెక్కడో ఉన్నాయి. అన్న నోట్సు తమ్ముడికి, వాడి నుంచి పక్కింటి పిల్లకు పోయి ఉంటుంది. 2000 నుంచి 2011 దాకా జవహర్‌నగర్ రేకుల షెడ్డులో నా దగ్గర చదువుకున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర ఆ నోట్సు ఉంటే, దయచేసి రెండు చోట్ల దిద్దుకోండి. పన్నెండో పేజీలో వర్గమూలం లెక్కకు మైనస్ ఒకటి కొట్టేయండి. నలభై ఒకటో పేజీలో సైన్ 2ఎక్స్ లెక్కకు, ఉన్న జవాబు పక్కన ఎక్స్ = ఎన్‌పై అని కూడా రాసుకోండి. పెన్నుతో రాసుకోండి.